నందివర్ధనం పురుగు కేసు

ఒక పురుగు రంగు మార్చుకున్న పాపానికి ఒక మనిషిని హాస్టలు నుంచి వెళ్ళగొట్టించిన ఘనుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. చూసుకోండి, నేనే. పేరు చెంగల్రాయులు. మాది పలమనేరు పక్కన ఒక పల్లె. ఈ ఘోరం జరిగింది డెబ్భైల చివర్లో, తిరుపతిలో నేను జువాలజీ బీయెస్సీ వెలగబెడుతున్న రోజుల్లో. చదువుతూ మీరు నవ్వుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. కాకపోతే ఎవరు ఎంతసేపు నవ్వారో గుర్తుపెట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. కథంతా ఆ జబ్బు దగ్గరే మొదలైంది.

కాలేజీలో మొదటిరోజు జువాలజీ సారు ఒక్కొక్కరినీ లేపి, "నీకు ఏ జీవి గురించి బాగా తెలుసు?" అని అడిగాడు. అందరూ కుక్క, ఆవు, కోతి అంటున్నారు. నేను ఛాతీ విరుచుకుని లేచాను.

"మా ఇంట్లో పట్టుపురుగులు పెంచుతాము సార్. నేను పురుగుల మధ్యనే పెరిగినాను."

సారు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "అట్లనా? ఆకు బాగానే మేసినట్టుండావే!"

క్లాసు గొల్లుమంది. సరే, నవ్వారు, ఆపారు. వెనక బెంచీలో ఒక నవ్వు మాత్రం ఆగలేదు. బస్సు వెళ్ళిపోయాక కూడా రోడ్డు మీద దుమ్ము మిగిలినట్టు, అందరి నవ్వూ అయిపోయాక అదొక్కటే మిగిలింది. తిరిగి చూస్తే పొడుగ్గా, నల్లగా, ఒత్తైన ఉంగరాల జుట్టుతో ఒకడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. వాడి పేరు మునిరత్నం, ఊరు పుత్తూరు. దేవుడి దయవల్ల హాస్టల్లో నా గదిలోకే వాణ్ణి వేశారు.

వాడు చేసిన అపచారాలు అన్నీ చెబితే ఈ కాగితాలు చాలవు. నా బకెట్టు వాడేవాడు. మా అమ్మ బెల్లంతో చుట్టి పంపిన నువ్వులుంటలు అడక్కుండా తినేవాడు. పైగా, "మీయమ్మ చెయ్యి మంచి చెయ్యప్పా" అని మెచ్చుకునేవాడు. తిన్నవాడు మెచ్చుకుంటే మనకు కోప్పడే హక్కు కూడా పోతుంది. అది మూడో అపచారం.

రెండో సంవత్సరంలో సారు అందరికీ ఒక పని అప్పగించాడు. ఎవరికి వాళ్ళు ఒక పురుగును పట్టుకుని గుడ్డు నుంచి రెక్కల దాకా పెంచాలి. అదేం పురుగో పేరు కూడా మనమే తేల్చాలి. ప్రాక్టికల్ మార్కులు దానికే.

నాకు పండగొచ్చింది. ఆకు మేసినవాడెవడో ఇప్పుడు చూపిస్తాను అనుకున్నాను.

హాస్టలు వెనక నందివర్ధనం చెట్టు ఉండేది. మెస్సులో వంటాయన పొద్దున్నే దేవుడి పటానికి దాని పూలు కోసుకునేవాడు. ఒక లేతాకు అడుగున నాకు గుడ్డు దొరికింది. గసగసాల గింజ కంటే కాస్త పెద్దది, లేతపచ్చ. బిస్కెట్ల డబ్బా మూతకు సన్నగా చిల్లులు పొడిచి అందులో పెట్టాను. గుడ్డు పగిలి పురుగొచ్చింది. తిన్నది. పెరిగింది. నా చూపుడు వేలంత అయ్యేసరికి దాన్ని చూడటానికి పక్క హాస్టలు వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. మంచి అరిటాకు పచ్చ. తోక మీద చిన్న కొమ్ము. మెడ వెనక భుజాల మీద తెల్లంచుతో రెండు నీలం కళ్ళు. నిజం కళ్ళు కావవి, మచ్చలు. ముట్టుకుంటే తల లోపలికి లాక్కుని ఆ రెండు మచ్చల్నీ ఉబ్బించేది. అప్పుడు చూస్తే పాముపిల్ల పడగెత్తినట్టే ఉండేది.

లైబ్రరీలో ఒక ముసలి పుస్తకం తిరగేసి పేరు కూడా తేల్చాను. గన్నేరు మీద, నందివర్ధనం మీద బతికే హాక్ మాత్. డేగలా దూసుకుపోయే చిమ్మెట కాబట్టి ఆ పేరు. బొమ్మా, భుజాల మీది కళ్ళూ అన్నీ సరిపోయాయి. పురుగు పెద్దదయ్యాక ఏమవుతుందో రాసిన తర్వాతి పేజీని మాత్రం పుస్తకాల పురుగు తినేసింది. నేను బెంగపడలేదు. పురుగు ఏమవుతుందో పలమనేరు వాడికి పుస్తకం చెప్పాలా? పురుగు పండుతుంది, అంటే మేత చాలించి పసుపుబారుతుంది, పైకెక్కుతుంది, గూడు కడుతుంది. మా ఇంట్లో పట్టుపురుగులు గూళ్ళు కట్టుకోవడానికి వెదురు బద్దలతో అల్లిన చంద్రికలు ఉంటాయి. అలాంటిదే అరచేతంత చంద్రిక అల్లి డబ్బాలో నిలబెట్టాను. హాక్ మాత్ జాతి చరిత్రలో చంద్రిక అందుకున్న మొదటి పురుగు నాదే.

మునిరత్నం ఏం పెంచుతున్నాడో అడగరేం? దోమల్ని. గాజుసీసాలో నీళ్ళు పోసి, పైన గుడ్డ కట్టి కూర్చున్నాడు. "పెంచే పనేముందప్పా, అవే పెరుగుతాయి" అనేవాడు. ఒకరోజు గుడ్డ జారింది. వాడి జీవచక్రం మొత్తం కిటికీలోంచి ఎగిరిపోయింది. అప్పటికి సారు ఏదో ట్రైనింగని మూడు వారాలకు మద్రాసు పోయి ఉన్నాడు. వచ్చేలోగా వాడు ఇంకో పురుగును చూసుకోవాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకున్నాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం నేను క్లాసునుంచి వచ్చి డబ్బా మూత తీశాను. నా పచ్చపురుగు లేదు! దాని చోట కాలిన బెల్లం రంగులో, పొట్టిగా, దరిద్రంగా ఒకటి డబ్బా చుట్టూ గిరగిరా తిరుగుతోంది.

"రేయ్! యాడరా నా పురుగు?"

మునిరత్నం మంచం మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. "డబ్బాలోనే ఉండాది గదప్పా."

"ఇది నా పురుగా? నాది పచ్చంది. దీని మొకం సూడు!"

వాడు లేచొచ్చి తొంగిచూశాడు. "అదే పురుగేమోరా. రంగు మారిందేమో."

"మారేదానికి అదేమన్నా తొండా?"

"నాకేం తెలుసబ్బా? పురుగుల్లో పుట్టి పెరిగినోడివి నువ్వు."

మళ్ళీ ఆ మొదటిరోజు మాట! నా నెత్తురు మరిగింది. "నీ దోమలు ఎగిరిపాయ. సారుకు సూపించేదానికి నీ దగ్గిర ఏమీ లేదు. నా పురుగును దాసిపెట్టి, ఈ సెత్తపురుగును దీంట్లో ఏసినావు."

"నీ పురుగు నాకేంటికిరా? అది గుడ్లురిమి సూస్తాంటే సొక్కా మార్సుకునేదానికే నాకు సిగ్గవుతాంది."

"నవ్వులాట కాదు. నిజం సెప్పు."

"నిజమే సెప్తాండా. గమ్మునుండు. రెండు దినాలు సూడు, అదేమయితాదో."

రెండు దినాలు చూసి ఉంటే ఈ కథ లేదు. కానీ నా బుర్రలో పట్టుపురుగుల శాస్త్రం తిరుగుతోంది. మా ఇంట్లో పురుగు నల్లబడిందంటే రోగం. వెంటనే ఏరి సున్నంలో పారేయాలి, లేకపోతే తట్టలు తట్టలు పోతాయి. రోగమొచ్చిన పురుగు కదలదు. ఇది పరుగులు పెడుతోంది. కాబట్టి రోగం కాదు. రోగం కాకపోతే? దొంగతనం! ఇంటిదొంగను ఈశ్వరుడు పట్టలేకపోవచ్చు గానీ చెంగల్రాయులు పట్టగలడు.

ఆ సాయంత్రానికే నాలుగు పేజీల ఫిర్యాదు తయారైంది. అందులో మొదటిరోజు నవ్వు నుంచి నువ్వులుంటల దాకా అన్నీ వరసగా రాశాను. పురుగు నాలుగో పేజీలో వచ్చింది.

మా ప్రిన్సిపాలు గుంటూరు వైపు మనిషి, లెక్కల మాస్టారు. నాలుగు పేజీలూ చదివి కళ్ళజోడు తీశాడు.

"ఏమిటయ్యా ఇది? మెస్సులో అన్నంలో పురుగు వచ్చిందని ఫిర్యాదులు చూశాను గానీ, పురుగు పోయిందని ఫిర్యాదు ఇదే చూడటం."

"న్యాయం జరక్కపోతే యూనివర్సిటీకి రాస్తాను సార్. పేపరుకు కూడా రాస్తాను."

ఆయన మొహం వాడింది. మెస్సు సాంబారు మీద అంతకుముందు నేను రాసిన ఉత్తరాలు ఆయనకు గుర్తున్నాయి. మునిరత్నాన్ని పిలిపించాడు. వాడు తీయలేదన్నాడు. నేను తీశాడన్నాను. చివరికి ఆయన ఇలా తేల్చాడు: జువాలజీ సారు వచ్చేదాకా విచారణ వాయిదా. అందాకా మునిరత్నం హాస్టలు ఖాళీ చేయాలి. తప్పు రుజువైతే హాస్టల్లో వాడి ఉచిత సీటు రద్దు. ఆ గోధుమరంగు పురుగును సాక్ష్యంగా ప్రిన్సిపాలు బీరువాలో ఉంచాలి. డబ్బా మూతకు లక్కముద్ర వేయించి, దాని మీద నేనే సంతకం చేశాను. చంద్రిక తీసేయమన్నారు. "అది కూడా సాక్ష్యమే సార్" అన్నాను. దొంగ పురుగుకు చంద్రిక ఉంచిన నా ఔదార్యం మీరు గమనించాలి.

మునిరత్నం ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని గది గుమ్మంలో ఒక్క క్షణం నిలబడ్డాడు. "సీటు పోతే మా నాయన సదువు మానిపిస్తాడురా," అన్నాడు. నేను కిటికీలోంచి నందివర్ధనం చెట్టును చూస్తూ నిలబడ్డాను.

ఆ రోజు నుంచి వాడు పుత్తూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాడు. గదిలో నా బకెట్టు నాదే. నా ఉంటలు నావే. గెలిచాను కదా, అయినా ఉంటలు ఎందుకో చప్పగా అనిపించేవి. మా అమ్మ బెల్లం తగ్గించిందని ఆమెకు కూడా ఒక ఉత్తరం రాశాను.

వారం తర్వాత ఒక ఆదివారం పొద్దున మునిరత్నం నాయన వచ్చాడు. పంచె, తలగుడ్డ, కాళ్ళకు మడిమట్టి. చేతిలో ఆకుల పొట్లం. గుమ్మం బయటే నిలబడి పొట్లం విప్పాడు. లోపల పురుగులు! పచ్చవి, చారలవి, బొచ్చువి, రకరకాలు.

"నీ పురుగు యాదో నాకు తెలీదు నాయనా. మా సేన్లో, కంచెమీద దొరికినయ్యన్నీ పట్టుకొచ్చినా. దీంట్లో ఉండాదేమో సూడు. ఉంటే తీసుకో, మావోణ్ణి ఇడిసిపెట్టు."

నేను పొట్లంలోకి చూశాను. "ఇవి వంగతోట పురుగులు. ఇది గొంగళి. నాది లేదు పెద్దాయనా."

"లేదా?" ఆయన ఒక్కొక్క పురుగునే మెల్లగా మళ్ళీ పొట్లంలోకి తోశాడు. "వచ్చేసారి ఇంకోపక్క సూస్తాలే."

మనసున్న మనిషైతే అప్పుడే ప్రిన్సిపాలు దగ్గరికి పరుగెత్తేవాడు. నేను మాత్రం నేను పట్టిన కుందేటికి మూడు కాళ్ళు కూడా ఎక్కువే, రెండున్నరే అనే రకం.

ఆ మధ్యలో సాక్ష్యం ఎలా ఉందో చూడాలని పట్టుబట్టాను. ప్రిన్సిపాలు విసుక్కుంటూ అటెండరు గురవయ్య చేత బీరువా తెరిపించి, ముద్ర తీయించాడు. డబ్బాలో గోధుమరంగు పురుగు కూడా లేదు! అడుగున ముదురు చింతగింజ రంగులో, వేలంత ప్యూపా ఒకటి పడి ఉంది. పక్కన ముడుచుకున్న తోలు ముక్క.

"సార్, ఇది కూడా మార్సేసినారు!" అని అరిచాను.

"ప్యూపా అయిందేమోనయ్యా," అన్నాడు లెక్కల మాస్టారు.

"గూడు యాడ సార్? గూడు కట్టకుండా పురుగు ప్యూపా కాదు. ఎవురో పట్టుగూడు కోసి, లోపలిది తెచ్చి దీంట్లో పడేసినారు. బీరువా తాళం గురవయ్య దగ్గిరే ఉంటాది."

గురవయ్యకు పదవీ విరమణ దగ్గరపడింది. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వీపుకు తగులుతుంది. "ఇరవైయేండ్లుగా ఈ బీరువాలో పరీక్ష పేపర్లు కాసినానప్పా. ఎవురూ నన్నొక మాట అనలా. ఇప్పుడు పురుగును మార్సినానా నేను?"

ఫిర్యాదుకు అయిదో పేజీ చేరింది. మళ్ళీ లక్కముద్ర, మళ్ళీ నా సంతకం.

ఇక అసలు పాపం చెప్పాలి. ఇది ఇన్నేళ్ళలో ఎవరికీ రాసి ఇవ్వలేదు.

మర్నాడు విచారణ అనగా, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు నేను నందివర్ధనం చెట్టు దగ్గర నిలబడి ఉన్నాను. కాండం మీద ఏదో కదిలింది. ఒక పురుగు తలకిందులుగా నేలకు దిగుతోంది. తోక మీద కొమ్ము, భుజాల మీద నీలం కళ్ళు. పక్కలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. వీపంతా కాలిన బెల్లం రంగు.

సగం నా పురుగు. సగం దొంగ పురుగు. రెండూ ఒక్క ఒంటిలోనే.

అది దిగి, రాలిన ఆకుల్లోకి దూరబోతోంది. అప్పటికప్పుడు ఆ పురుగును అరచేతిలో పెట్టుకుని ప్రిన్సిపాలు గదికి వెళ్ళి, "తప్పయింది సార్" అంటే అయిపోయేది. నూరడుగుల దూరం. కానీ చెవుల్లో ఆ నవ్వు మోగింది, వెనక బెంచీ నవ్వు. ఇప్పుడు నేను తప్పంటే అది ఇంకెంతసేపు మోగుతుంది?

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఆ పురుగును పుల్లతో ఎత్తి గోడ అవతలికి విసిరేశాను.

మర్నాడు పొద్దున ప్రిన్సిపాలు గదిలో అందరం నిలబడ్డాం. మద్రాసు నుంచి వచ్చిన జువాలజీ సారు, మునిరత్నం, గురవయ్య, నేను. బల్ల మీద డబ్బా, పక్కన నా అయిదు పేజీలు. మునిరత్నం చిక్కిపోయి ఉన్నాడు. నా వైపు చూడలేదు. గూడు లేని ప్యూపా అలాగే ఉండిపోతే బాగుండునని, ఎండిపోతే ఇంకా బాగుండునని కోరుకుంటున్నాను. పురుగులు పెంచే ఇంట పుట్టి పురుగు చావు కోరుకున్నాను, చూడండి నా బతుకు!

"ముద్ర సరిగ్గా ఉందా? చూసుకో," అన్నాడు ప్రిన్సిపాలు.

చూశాను. "ఉండాది సార్."

"సంతకం నీదేనా?"

"నాదే సార్."

లక్క పగిలింది. మూత లేచింది.

నా చంద్రిక పట్టుకుని ఒక చిమ్మెట వేలాడుతోంది. ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ, మధ్యలో గులాబి చారలు. కంచి పట్టుచీరలో కూడా ఆ రంగులు కలవవు. కింద ఖాళీ తొడుగు.

సారు పట్టకారుతో అడుగున ఉన్న తోలు ముక్కను తీసి కాగితం మీద విప్పాడు. "చెంగల్రాయులూ, ఇట్రా. ఇది నువ్వు చెత్తపురుగు అన్నదాని తోలు. తోక మీద ఇదేంది?"

"కొమ్ము సార్."

"భుజాల మీద?"

"...కళ్ళు సార్."

"గన్నేరు హాక్ మాత్. పేరు బాగా తేల్చినావు. ఆకుల్లో ఉన్నంతసేపు పచ్చగా ఉంటాది. తిండి చాలించినాక మట్టిరంగుకు తిరిగి, చెట్టు దిగి, రాలిన ఆకుల్లో దూరతాది. పచ్చగా నేల మీద నడిస్తే కాకి వదలదు గదా? పట్టుపురుగు మాదిరి గూడు కట్టుకోదు. అన్ని పురుగులూ మీ ఇంటి పురుగులు కావప్పా."

అప్పుడైనా నోరు మూసుకోవాలి కదా. "రంగు మారతాదని ముందే సెప్పుండాల గదా సార్," అన్నాను.

ఆ మాట దానికి నచ్చలేదేమో. చిమ్మెట రెక్కలు గజగజలాడించి లేచింది. గది చుట్టూ ఒక చుట్టు తిరిగి, నేరుగా నా ఫిర్యాదు మీద వాలింది. కొత్తగా పుట్టిన చిమ్మెటలు ఒంట్లో మిగిలిన ఎర్రటి నీళ్ళను వదులుతాయి. నాకు తెలుసు, పట్టుచిమ్మెటలూ అంతే. సరిగ్గా నా సంతకం మీద వదిలింది. సంతకం కరిగి, ఎర్రగా పాకి, కనపడకుండా పోయింది.

ప్రిన్సిపాలు కాగితం కొసను రెండు వేళ్ళతో ఎత్తాడు. "ఫిర్యాదు మీద సంతకం లేదు. కేసు కొట్టేశాం."

గురవయ్య ముందు నవ్వాడు. సారు నవ్వాడు. ప్రిన్సిపాలు కళ్ళజోడు తీసి నవ్వాడు. నేను వెనక్కి తిరిగాను, ఆ నవ్వు కోసం. మునిరత్నం నవ్వలేదు.

వరండాలో వాణ్ణి పట్టుకున్నాను. గోడ అవతలికి విసిరిన పురుగు సంగతి చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలీదు.

"ఎముక ఇరిగితే మా ఊర్లో కట్టు కడతారు," అన్నాడు వాడు. "మాట ఇరిగితే యాడ కడతార్రా?"

ఆ ఆదివారం నేనే పుత్తూరు బస్సెక్కి, వాళ్ళ నాయన ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నాను. ఆయన అంతా విని, "పురుగు దొరికిందా నాయనా?" అని ఒక్కటే అడిగాడు. దొరికిందన్నాను. "అదే సాలు," అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు మునిరత్నం ట్రంకుపెట్టె నా భుజం మీద ఉంది. గదిలో అడుగు పెట్టగానే వాడు అడిగిన మొదటి మాట: "ఉంటలు మిగిలినాయా?" డబ్బాతో సహా ఇచ్చేశాను.

మొన్నామధ్య చిత్తూరులో ఒక పెళ్ళికి పోయాను. పందిట్లో ఒక బట్టతల పెద్దమనిషి నా భుజం తట్టాడు. నేను గుర్తుపట్టలేక తెల్లమొహం వేశాను.

"నేనేరా, మునిరత్నాన్ని. రంగు మారినాను, అంతే. అసలోణ్ణి ఎవురో ఎత్తుకుపొయ్యి ఈ బోడోణ్ణి పెట్టినారని మండపం మేనేజరుకు రాసి ఇస్తావేమో, సంతకం పెట్టేముందు పైన సూసుకో!"

అని నవ్వాడు. అందరూ ఆపేశాక కూడా వాడు ఆపలేదు.

కాబట్టి పెద్దలారా, ఏడుకొండల సాక్షిగా, నందివర్ధనం చెట్టు సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ: ఇక ఈ జన్మలో రంగు మారిన ఏ ప్రాణి మీదా ఫిర్యాదు రాయను. లక్కముద్ర వేయించను. గూడు యాడ అని అడగను. ఇది ఖాయం.

మొదటిరోజు నవ్వు మీద ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోలేదు. పెళ్ళిపందిట్లో నవ్విన నవ్వును కూడా దానికే జతచేశాను.